మేనత్త సినిమా హాలు, మూడు గుర్తింపులు

మా మేనత్త పాత సినిమా హాల్లో టికెట్లు అమ్మేది. పెళ్లయిన కొత్తలో ఆ కిటికీ వెనక కూర్చున్న మనిషి, మనవలు పుట్టినా లేవలేదు. యజమాని హాలు పడగొట్టి దుకాణాలు కట్టిస్తాడని తెలిసిన రోజు ఆమెకు ముద్ద దిగలేదు. మర్నాడు మాత్రం నడుం బిగించి, "చరిత్ర ఉన్న కట్టడమని గుర్తింపు తెస్తా. ఎలా పడగొడతాడో చూస్తా!" అంది.

చిన్నాచితకా ఆఫీసులు ఆమె కంటికి ఆనలేదు. ఏకంగా కేంద్రానికే అర్జీ పెట్టింది. గుర్తింపు రానే వచ్చింది, ఇత్తడి ఫలకంతో సహా! వీధంతా మిఠాయిలు పంచింది. యజమాని కూడా ఒకటి నోట్లో వేసుకుని నవ్వాడు. "అది ఉత్త గౌరవమేనమ్మా, రక్షిత కట్టడమని కాదు. నా డబ్బుతో నా హాలు కూల్చుకుంటే కేంద్రం ఆపదు."

రాష్ట్రం వాళ్లూ గుర్తింపునిచ్చి, మరమ్మతులకు సాయం చేస్తామన్నారు, అదీ యజమాని అడిగితేనట. ఆయనెందుకు అడుగుతాడు, నా బొంద! చివరికి తేలిందేమిటంటే, కూల్చొద్దని చెప్పే అధికారం మా వీధి చివరి మునిసిపాలిటీదే.

అక్కడి కమిటీ చూడ్డానికి వస్తోందనగానే మా ఇంటిల్లిపాదికీ పూనకం వచ్చింది. చుట్టాలొస్తుంటే ఇల్లు సర్దినట్టు, హాలు ముఖానికి చిలకాకుపచ్చ సున్నం కొట్టేశాం. యజమాని అడ్డు చెప్పకపోగా నిచ్చెన కూడా ఇచ్చాడు. ఎంత మంచివాడో అనుకున్నాం!

కమిటీ పెద్దావిడ వచ్చి తల పట్టుకుంది. "పాత రూపం ఉంటేనే కదమ్మా గుర్తింపు? ఇదేం పని?"

నిచ్చెన సంగతి అప్పుడు వెలిగింది మాకు. మేనత్త బావురుమంది. నాకు ఒళ్లు మండిపోయింది. బకెట్టు, చీపురు తెచ్చి గోడ కడగడం మొదలుపెట్టాను. నిన్నటి సున్నమే కనక కరిగింది. ఎదురు కొట్టు మంగలి వచ్చాడు, కూరగాయలామె వచ్చింది, ఆకుపచ్చ నీళ్లలో జారిపడి మా బాబాయి అందరినీ నవ్వించాడు. పెద్దావిడ కూడా చెప్పులు విప్పి చీపురందుకుంది. సాయంత్రానికి పాత ఎర్ర ఇటుకలు బయటపడ్డాయి.

మునిసిపాలిటీ సభ హాలుకు గుర్తింపునిచ్చింది. మర్నాడే మేనత్త తన కిటికీకి కొత్త తలుపు బిగించుకుంటానని అక్కడి గుమాస్తాను అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇక అనుమతి లేకుండా ఆ గోడకు మేకు కూడా కొట్టకూడదండీ."

మేనత్త ఎగిరి గంతేసింది. "విన్నావురా? నన్నే మేకు కొట్టనివ్వరట! ఇక ఆ యజమానిని గునపం ఎత్తమను, చూద్దాం!"