అతుకుల దొరగారి నడుమెత్తు బొమ్మలు

అతుకుల దొర ఏ వస్తువునూ పారవేయడు. ఇది ఆయనకున్న అనేక గుణాలలో ఒకటి కాదు; ఆయనకున్న గుణమే ఇది. ఆ ఇంట్లో విరిగిన కుర్చీ విరిగిన కుర్చీగా మిగలదు. దాని కాళ్ళు తువ్వాళ్ళ దండెమవుతాయి. వీపు గోడ మీది అద్దానికి చట్రమవుతుంది. కూర్చునే చెక్క మాత్రం "ఉంటే పనికొస్తుంది" అనే తీర్మానం మీద మంచం కిందికి చేరి, తగిన పదవి ఖాళీ అయ్యేవరకు అక్కడే వేచి ఉంటుంది. బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసిననాడు, తోటివారు జ్ఞాపికలతో ఇళ్ళకు వెళ్ళగా, ఆయన ఒక గోనెసంచెడు తుక్కు బోల్టులతోను, వాటిని బయటికి తీసుకుపోవడానికి పై అధికారి సంతకం చేసిన చీటీతోను ఇల్లు చేరాడు. ఆ పేరు పెట్టింది వీధివారు. అతుకులెందుకో చెప్పనవసరం లేదు. ఆ అతుకుల నడుమ కాలు మీద కాలు వేసుకుని కూర్చునే తీరును బట్టి దొర అనడం జరిగింది.

ఇంతటి మనిషి చేతికి తన చెల్లెలిని అప్పగించవలసి వచ్చినందుకు వార్డెనమ్మగారు నలభై ఏళ్ళుగా చింతిస్తూనే ఉన్నారు. ఆడపిల్లల హాస్టలును ఇరవై ఆరేళ్ళు క్రమశిక్షణతో నడిపినవారు ఆవిడ. దుప్పటి మీద ఒక్క ముడత కనిపించినా క్షమించనివారు. చెల్లెలు కూడా తక్కువది కాదు. బడిలో డ్రిల్లు టీచరమ్మ. ఆమె ఈల విని వంగిన వీపు నిటారు కాని పిల్ల ఆ ఊళ్ళో లేదు. అటువంటి టీచరమ్మకు తుంటి కీలు అరిగిపోయి, శస్త్రచికిత్స చేసి కొత్త కీలు వేశారు. రోజూ నడిపించాలనీ, నడవకపోతే కాలు బిగుసుకుపోతుందనీ, నెల తిరిగేసరికి వచ్చి చూపించాలనీ డాక్టరు చెప్పి పంపారు. పన్నెండో రోజున వార్డెనమ్మగారు రెండు పెట్టెలతో దిగారు. అభిప్రాయాలను మాత్రం బయలుదేరకముందే సిద్ధం చేసుకున్నారు.

గుమ్మంలోనే మొదటి తనిఖీ జరిగింది.

"మరిదిగారూ, ఇదేమిటి?"

"వాకరు, వదినగారూ. ఆసుపత్రివాళ్ళిచ్చారు."

"అది నాకూ తెలుసు. దాని మీద ఆ కుండీలేమిటి?"

"నాలుగు కాళ్ళూ సమంగా ఉన్నాయండీ. కదలదు. కుండీలకి అంతకంటే ఏం కావాలి?"

"మనిషి నడవడానికిచ్చినదాని మీద మొక్కలు పెంచుతున్నారా?"

"మొక్కలు బాగానే వస్తున్నాయి," అన్నాడు దొర, అడిగినదానికి పూర్తి సమాధానం ఇచ్చిన తృప్తితో.

మందులెక్కడని అడిగితే, అగ్గిపెట్టెలను వరసగా అతికించి చేసిన ఒక బుల్లి బీరువాను చూపించాడు. పొద్దుటి మందులున్న గళ్ళ మీద సూర్యుడి బొమ్మ, రాత్రి గళ్ళ మీద చంద్రుడి బొమ్మ. వార్డెనమ్మగారు ముక్కు ముడుచుకుంటూ ఒక సూర్యుడిని లాగారు. అందులో మేకు ఉంది.

"అది నాదండీ," అన్నాడు దొర. "పక్కది తనది."

అయితే ఇవన్నీ చిల్లర నేరాలు. అసలు ఘోరం పడకగది నుంచి స్నానాలగదికీ, అక్కడి నుంచి ముందుగదికీ పోయే నడవలో ఉన్నది. భార్య ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మూడోనాడే దొరకు ఇల్లు అలంకరించాలనే కోరిక పుట్టిందట. రంగుడబ్బా మూతతో సీతాకోకచిలుక, పాత పండ్ల పెట్టె చెక్కతో చిలక, గొట్టానికి పాత చీరలు జడలా చుట్టి దాని మీద కాగితం పూలదండ, తొండం చాపిన ఏనుగు తల, ఇంకా ఏవేవో. మొత్తం తొమ్మిది. అన్నిటికీ ఒకే రంగు, డిపోలో మిగిలిన బస్సు ఎరుపు.

"చిలక ఎర్రగా ఉందేం?"

"ఆకుపచ్చ మిగల్లేదు, వదినగారూ. ఎరుపు మిగిలింది."

"అలాంటప్పుడు చిలకనే ఎందుకు చెయ్యాలి?"

"చెక్క ఆ ఆకారంలో మిగిలింది."

వార్డెనమ్మగారు ఈ సమాధానాన్ని తలలో రెండుసార్లు తిప్పి చూసి, ఎటునుంచీ పట్టు దొరకక వదిలేశారు. రంగును మించిన వింత ఇంకొకటి ఉంది. లోకంలో బొమ్మలను కంటి ఎత్తున పెడతారు. ఇక్కడ తొమ్మిదీ నడుము ఎత్తున ఉన్నాయి. గోడకు ఒడ్డాణం పెట్టినట్టున్నాయి. ఏనుగు తొండం వచ్చేపోయేవారి డొక్కలో పొడిచేది. పాలు పోసేవాడు, మీటరు చూసేవాడు, పక్కింటివాళ్ళు, అందరూ తలుపు దగ్గర నిలబడి ఒకసారి లోపలికి తొంగిచూసి, నవ్వు ఆపుకుంటూ మెట్లు దిగేవారు.

"ఇవి చూడ్డానికి మోకాళ్ళ మీద కూర్చోవాలా, మరిదిగారూ?"

"ఎవరి సౌకర్యం వారిదండీ."

గదిలో టీచరమ్మ దుప్పటి గీత చెదరకుండా నిటారుగా పడుకుని ఉంది.

"ఏమే, ఈ తుక్కు దుకాణంలో ఎలా ఉంటున్నావే?"

"కళ్ళు మూసుకుంటే కనబడవక్కా," అన్నది టీచరమ్మ. "ఆ చిలకని చూశావా? దానికి జ్వరమొచ్చినట్టు లేదూ?"

"నడుస్తున్నావా?"

"ఆఁ, చూద్దాంలే."

"లే. నేను పట్టుకుంటాను."

"టీ తాగాక."

టీ తాగాక, కాస్త కునుకు తీశాక అన్నది. కునుకు తీశాక, ఎండ తగ్గాక అన్నది. ఎండ తగ్గాక, ఇవాళ్టికి ఇంక చాల్లే అన్నది. ఏ వేళ తొంగిచూసినా మంచం మీదే. నాలుగు రోజులు ఇలా గమనించిన మీదట వార్డెనమ్మగారికి విషయం తేటతెల్లమైంది. మొగుడు నడిపించడు, గోడలకు బొమ్మలు కొడుతూ కూర్చుంటాడు. పెళ్ళాం పడుకుని బిగుసుకుపోతుంది. ఆవిడ ఆ పూటే కారు డ్రైవరుకు ఫోను చేసి ఆదివారానికి బండి మాట్లాడారు. చెల్లెలిని తన ఇంటికి తీసుకుపోయి, రెండు వారాల్లో ఇంతకు ముందులా నిలబెట్టాలని నిర్ణయం.

"మిమ్మల్ని నమ్ముకుంటే దాని కాలు కట్టెపేడు అవుతుంది," అని దొర మొహం మీదే చెప్పారు.

దొర మెడ గోక్కున్నాడు. "తను వస్తానంటే తీసుకెళ్ళండి, వదినగారూ," అని, "మీ ఇంట్లో నడవ ఎంత పొడుగుంటుంది?" అని అడిగాడు.

"ఎందుకు? అక్కడా చిలకల్ని కొడతారా?"



గురువారం మధ్యాహ్నం దొర మందులకని బయలుదేరాడు. మందుల దుకాణం నుంచి తుక్కు మార్కెట్టు మీదుగా కాక ఇంకో దారిన ఇల్లు చేరడం ఆయన చరిత్రలో లేదు కనుక మూడు గంటల వ్యవధి ఖాయం. వీధి చివరి వడ్రంగిని వార్డెనమ్మగారు వెంటనే పిలిపించారు. పోయే ముందు చెల్లెలికి కనీసం మనుషులుండే ఇల్లు చూపించాలని ఆవిడ సదుద్దేశం.

వడ్రంగి ముందు సందేహం తీర్చుకున్నాడు. "అమ్మా, ఇది చిలకేనా?"

"చిలకే. పీకు."

అతడు లాగాడు. చిలక కదలలేదు. గోడకు కాలు తన్నిపట్టి లాగాడు. చివరకు రెండు చేతులతో పట్టుకుని వేలాడాడు. వేలాడుతూనే మాట్లాడాడు.

"దీని వెనక అరచేతి పొడుగు బోల్టుందమ్మా. ఏనుగుని తెచ్చి కట్టేసుకోవచ్చు."

"ఆయనకి బుర్ర తక్కువ, బోల్టులెక్కువ. విప్పు."

"ఏదో లెక్కుందమ్మా ఇందులో. ఒక్కో బొమ్మకీ మధ్య సరిగ్గా రెండడుగులు. కొలిచి కొట్టాడు."

"పని లేనివాడు కొలవడా మరి? విప్పవయ్యా!"

ఆ ఇంట్లో సుత్తి చప్పుడు వినబడకపోతేనే ఆశ్చర్యం కనుక, గదిలో నుంచి టీచరమ్మ ఏమీ అడగలేదు. గంటన్నరలో గోడ బోసిపోయింది. తొమ్మిది బొమ్మలూ మూలకు చేరాయి. వార్డెనమ్మగారు వంటగదిలోకి వెళ్ళి, విజయం సాధించిన చేతులతో టీ నీళ్ళు పెట్టారు.

నీళ్ళు మరగకముందే నడవలో నుంచి గొంతు వినిపించింది. అరుపు కాదు, హాజరు పిలిచేటప్పుడు ఒక పిల్ల పలకకపోతే టీచరు అనే మాటలాంటిది.

"అక్కా, ఇక్కడ సీతాకోకచిలుక ఉండాలి."

వార్డెనమ్మగారు పరుగున వచ్చారు. టీచరమ్మ గది గుమ్మం దాటి రెండడుగులు వేసి నిలబడి ఉంది. చాపిన కుడి చెయ్యి గోడ మీద బోల్టు ఊడిన కన్నం చుట్టూ తడుముతోంది. బరువంతా ఒక్క కాలి మీదే ఉంది. వీపు మాత్రం నిటారుగానే ఉంది.

"నువ్వు... నువ్వు నడుస్తున్నావా!"

"కళ్ళు మూసుకో అక్కా."

"ఏమిటే?"

"నేను కుంటుతున్నాను. ఎవరూ చూడకూడదు. కళ్ళు మూసుకుని వచ్చి పట్టుకో."

ఇరవై ఆరేళ్ళు రెండువందల మందిని చూపుతోనే అదుపులో పెట్టిన వార్డెనమ్మగారు కళ్ళు మూసుకుని, గోడను తడుముకుంటూ వచ్చి చెల్లెలి చేతికి తన మోచెయ్యి అందించారు.

"ఇప్పుడు నువ్వు సీతాకోకచిలుకవి. కదలకు. ఆఁ. ఇప్పుడు రెండడుగులు జరుగు. చిలక దగ్గర నిలబడు. అంతెత్తు కాదు, నడుమెత్తున పెట్టు చెయ్యి. ఇప్పుడు ఏనుగు దగ్గరికి."

"ఎన్నాళ్ళ నుంచే ఇది?" అన్నారు వార్డెనమ్మగారు ఏనుగు స్థానంలో నుంచి.

"బొమ్మలు కొట్టిన రోజు నుంచీ. నువ్వు స్నానానికెళ్ళినప్పుడు రెండుసార్లు, నువ్వు పడుకున్నప్పుడు నాలుగుసార్లు."

"ఆ వాకరు పట్టుకుంటే ఏం పోయిందే?"

"ముప్పై ఏళ్ళు వీపులు నిలబెట్టిన మనిషిని. నాలుగు కాళ్ళ కర్రతో ఈడ్చుకుంటూ తిరగనా? నేను బొమ్మలు చూసుకుంటూ నడుస్తాను. ఎక్కడైనా చెయ్యి తగిలితే తగులుతుంది." గొంతు తగ్గించింది. "ఆయనతో అనకు. వాటిని పట్టుకుని నడుస్తున్నానని తెలిస్తే గర్వపడి ఇంకో పది కొడతాడు."

సాయంత్రం దొర మందులతోను, చంకలో ఒక విరిగిన గొడుగు పిడితోను ఇల్లు చేరాడు. బోసిగోడను ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. వార్డెనమ్మగారు ఎంత కోపమైనా భరించడానికి సిద్ధపడి నిలబడ్డారు.

"బోల్టులు పారేశారా, వదినగారూ?"

"లేదు. డబ్బాలో ఉన్నాయి."

"మంచిపని చేశారు. ఉంటే పనికొస్తాయి."

"ఒక్క ముక్క నాతో చెప్పకూడదూ, అవి పట్టుకు నడవడానికని?"

దొర గది వైపు చూసి గొంతు తగ్గించాడు. "చెబితే పట్టుకోదండీ. కర్ర తెచ్చాను, విసిరేసింది. వాకరు చూసి రెండు రోజులు మంచం దిగలేదు. అందుకని బొమ్మలన్నాను. నా అభిరుచిని తిట్టుకుంటూ నడుస్తోంది. తిట్టుకుంటే అడుగు గట్టిగా పడుతుంది కూడా. తనకి తెలియదు. మీరు చెప్పకండి."

"వీధి వీధంతా మిమ్మల్ని చూసి నవ్వుతోందయ్యా!"

"నన్నే కదా," అన్నాడు దొర.

వార్డెనమ్మగారు చీర కుచ్చెళ్ళు దోపుకుని బోల్టుల డబ్బా తెచ్చి ఆయన పక్కన నిలబడ్డారు. తొమ్మిదీ తిరిగి బిగించేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆ తరువాత డ్రైవరుకు ఫోను చేసి ఆదివారం బండి అక్కర్లేదన్నారు. కారణమడిగితే, "నీకెందుకయ్యా?" అన్నారు.

శనివారం టీచరమ్మను పలకరించడానికి పాత బడి నుంచి సైన్సు టీచరూ, సంగీతం టీచరూ వచ్చారు. టీచరమ్మ ముందుగదిలో, నడవ పక్కనే వేసిన కుర్చీలో ఠీవిగా కూర్చుని ఉంది. కబుర్ల మధ్య సంగీతం టీచరు చూపు నడవ మీద పడింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"ఎవరండీ ఈ కళాకారులు? చిలకకి ఎర్ర రంగేమిటి? పైగా ఆ ఎత్తేమిటి, పాకే పిల్లల కోసమా?"

అలవాటు ప్రకారం దొరగారు కుర్చీలో ముందుకు వంగి, నేరం ఒప్పుకోవడానికి నోరు తెరిచారు.

"నేనే," అన్నారు వార్డెనమ్మగారు.

దొరగారు తెరిచిన నోరు అలాగే ఉంచారు.

"అన్నీ నేనే దగ్గరుండి పెట్టించాను. రంగు కూడా నాదే. బాగాలేదా?"

హాస్టలు తనిఖీ నాటి ఆ చూపు ముందు సంగీతం టీచరు నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు దించి సర్దుకున్నది. సైన్సు టీచరు మాత్రం, "బాగానే ఉందండీ... వేరేగా ఉంది," అని గొణిగింది.

అప్పుడు టీచరమ్మ లేచింది. ఎవరి సాయమూ లేకుండా, కుర్చీ చేతుల మీద ఆనుకుని లేచి నిలబడింది. చెయ్యి చాపి, నడవ మొదట్లో ఉన్న పూలదండ మీద తేలిగ్గా వేసింది, ఏదో చూపించడానికి వేసినట్టు.

"మా అక్క అభిరుచి చిన్నప్పటి నుంచీ ఇంతే," అన్నది విసుగ్గా. "రండి, మిగతావి కూడా చూపిస్తాను. ఇది ఏనుగు. దీని తొండానికీ చెవులకీ సంబంధం లేదు. అడుగు చూసుకోండి. ఇదిగో, ఇది చిలకట."

ఆమె కుంటుతూనే ముందు నడిచింది. ఇద్దరు టీచర్లు వెనక నడిచారు. ఒక్కొక్క బొమ్మ దగ్గరా ఆగి, దాని మీద చెయ్యి వేసి, తీరిగ్గా తిట్టి, తరువాతిదానికి సాగిపోయింది. నవ్వులో పడి ఆమె కాలి వంక ఎవరూ చూడలేదు. ప్రతి తిట్టుకూ వార్డెనమ్మగారు వెనక నుంచి, "అవునే, నా ఇష్టం!" అని గట్టిగా బదులిస్తూ వచ్చారు.

ముందుగదిలో దొరగారు ఒక్కరే మిగిలారు. అతిథులు తెచ్చిన పండ్ల పెట్టెను ఆయన చేతిలోకి తీసుకుని, మూత గట్టిదనాన్ని వేలితో కొట్టి చూస్తున్నారు.