దుకాణాలు మూయించిన డ్రమ్ము

మా తమ్ముడికి చరిత్ర అంటే ద్వేషం. ఈ మాట కోపంతో రాయడం లేదు. చిక్కడపల్లిలో ఒకే ఇంట్లో, నేను కింది వాటాలోనూ అతను పై వాటాలోనూ ఉంటూ, ఏళ్ల తరబడి గమనించి రాస్తున్నాను. అతను సైన్యంలో సుబేదారుగా పనిచేసి రిటైరయ్యాడు. నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో పాత రికార్డులు చూసేవాణ్ణి. జరిగినదాన్ని జరిగినట్టు ఉంచడం నా ఉద్యోగం. దానికి రంగు పూయడం అతని సరదా.

ఏటా డిసెంబరులో నారాయణగూడలోని ఒక మైదానంలో అతనూ, మరికొందరు మాజీ సైనికులూ ఒక ప్రదర్శన జరిపేవారు. సైన్యంలో దాన్ని టాటూ అంటారు. పచ్చబొట్టుకూ దానికీ సంబంధం లేదు. పొద్దుగూకే వేళ డ్రమ్ములూ బ్యూగిళ్లూ, కాగడాల కవాతు. ఆ తరువాత పాతకాలపు సైనికుల వేషాలతో ఊరేగింపు. బంగ్లాదేశ్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది ఈ ప్రదర్శన మొదలైంది. కవాతు బాగుండేదని ఒప్పుకుంటాను. వేషాలే భరించలేకపోయేవాణ్ణి. కాకతీయుల కాలపు బల్లెం మనిషీ, తుపాకీ పట్టిన సిపాయీ ఒకే వరుసలో నడిచేవారు. పైగా ఆ కాకతీయ వీరుడి ముంజేతికి గడియారం.

"పబ్లిక్‌కు కనిపిస్తదా అన్నా?" అనేవాడు తమ్ముడు.

నాకు కనిపించింది.

1995 జనవరిలో మద్యనిషేధం వచ్చింది. ఆ ఏడాది ప్రదర్శనకు ముఖ్య అతిథిగా ఒక నాయకుణ్ణి పిలిచారు. ఆ మైదానంలో దుకాణాల సముదాయం కట్టాలన్న ఆలోచన అప్పటికే నడుస్తోంది. నాయకుడు వేదిక మీద ఒక్క మాట ఇస్తే మైదానం మిగులుతుంది. ఇవ్వకపోతే ఇన్నేళ్ల ప్రదర్శనకు అదే ఆఖరు. అందుకని తమ్ముడు మెట్లు దిగి వచ్చి, మైకులో చదవడానికి టాటూ చరిత్ర రాసిమ్మన్నాడు. ఒక్క అక్షరం మార్చకూడదన్న షరతు మీద ఒప్పుకున్నాను.

నా మొదటి వాక్యం ఇది: "పదిహేడో శతాబ్దపు ఐరోపాలో, చీకటి పడగానే డ్రమ్ము వాయించేవాళ్లు వీధుల వెంట తిరిగి, పీపాల కుళాయిలు కట్టేయమని మద్యం దుకాణాలవాళ్లనూ, లేచి బ్యారక్‌లకు రమ్మని అక్కడ తాగుతూ కూర్చున్న సైనికులనూ హెచ్చరించేవారు, టాటూ పుట్టింది అక్కడ."

తమ్ముడు నిలబడే చదివాడు.

"ఏంది అన్నా ఇది? ఊరూరు తిరిగి మందు బందు అని చెప్పే మనిషి ఆయన. ఆయన ముంగట మందు దుకాణం ముచ్చటనా?"

"ఆ డ్రమ్ము కొట్టిందే దుకాణం బందు చేయనీకి. ఆయన సంతోషపడాలె."

"ఫౌజోళ్లు తాగి పడున్నరని మైకుల నేనే చదవాల్నా?"

"పడున్నరని రాయలే. కూసున్నరని రాసిన."

చాయ్ తెచ్చిన మరదలు మధ్యలో కల్పించుకుంది. "బావగారూ, ఒక్క లైనుకు ఇంత లొల్లా? దాన్ని జర కిందికి జరపుండ్రి. ఎవరు చూడొచ్చిన్రు?"

"మొదలు జరిగింది మొదలే ఉండాలె," అన్నాను.

"రాజుల యుద్ధభేరి అని రాస్తే నీ సొమ్మేం పోతది?" అన్నాడు తమ్ముడు.

"ఏ రాజు? ఏ సంవత్సరం?"

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు పోయినంక నీ ఫోటో కింద తారీకులే రాయిపిస్త అన్నా. పేరు గూడ రాయిపియ్య."

ఆ సాయంత్రం నేను ముందు వరుసలో కూర్చున్నాను. అతను తప్పక యుద్ధభేరినే చదువుతాడని నా నమ్మకం. లేచి అందరి ముందూ ఖండించాలని సిద్ధపడి వెళ్లాను. వెనక గోడ పొడుగునా అశోక్ నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్ పరీక్షలకు చదివే యువకులు నిండిపోయారు.

తమ్ముడు మైకు అందుకున్నాడు. "ఈ చరిత్ర మా అన్న రాసిండు. ఒక్క అక్షరం మార్చొద్దన్నడు. మార్చలే. అన్నా, జర లేచి నిలబడు, పబ్లిక్ చూడాలె."

నిలబడ్డాను. అతను నా మొదటి వాక్యాన్ని, కవాతుకు ఆజ్ఞలిచ్చే గొంతుతో, మాట మాటా విడదీసి చదివాడు.

"అన్నా, దుకాణాలన్నీ బందే ఉన్నయ్ గదా, ఇంక డ్రమ్మెందుకు?" గోడ దగ్గర నుంచి ఎవరో అరిచారు.

"తాగినోళ్లు బ్యారక్‌లకేడ పోతున్రు? సీదా ఠాణాకే!"

"సార్, ఇది గ్రూప్ టూల వస్తదా?"

నాయకుడు మొదట నవ్వాడు. నవ్వు ఆడవాళ్ల కుర్చీల దాకా పాకేసరికి ఆయన ముఖం బిగిసింది. తన వంతు వచ్చినప్పుడు మద్యనిషేధం గురించి చాలాసేపు మాట్లాడాడు. మైదానం గురించి ఒక్క ముక్క లేదు. కాగడాలు వెలిగించకముందే కారెక్కాడు.

మరుసటి ఏడాది మైదానంలో పిల్లర్లు లేచాయి. నా వాక్యమే మైదానాన్ని మింగిందని తమ్ముడు గల్లీ అంతా చెప్పుకున్నాడు. మైదానం ఆ సాయంత్రానికి ముందే చేతులు మారిందని అన్నవాళ్లూ ఉన్నారు. ఆధారం చూపలేదు కనుక ఆ మాట నా వాదనలో చేర్చను. చేర్చవలసింది ఒకటే. అన్నేళ్లు ప్రతిదీ మార్చిన మనిషి ఆ ఒక్క రోజే ఏమీ మార్చలేదు. నన్ను పదిమందిలో నిలబెట్టడానికి తన ప్రదర్శననే పణంగా పెట్టాడు. ఆ వాక్యం ఈనాటికీ నిజమే. దాన్ని అతను వాడుకున్న తీరును నేను క్షమించలేదు, క్షమించను.

1997లో నిషేధం సడలించారు. నారాయణగూడలో మద్యం దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి. ప్రదర్శనకు మాత్రం చోటు దొరకలేదు. పెద్ద డ్రమ్మును తమ్ముడు మా రెండు వాటాల మధ్య మెట్ల మలుపులో పెట్టాడు. బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్లాలంటే నేను పక్కకు తిరిగి నడవాలి. తీసేయమన్నాను.

"చరిత్ర గదా అన్నా. ఉండనీ."

డిసెంబరులో ఒక సాయంత్రం అతను పై నుంచి దిగి వచ్చి, ఆ మలుపులో నిలబడి, డ్రమ్ము వాయిస్తాడు. తప్పు పట్టడానికి వీలులేనంత బాగా వాయిస్తాడు. నేను చదువుతున్న పుస్తకం పక్కన పెట్టి, లేచి, తలుపు మూస్తాను.