స్కాట్లాండు ఫ్యాను

ఆ రోజుల్లో విదేశాల్లో చదువుకోవాలంటే తెలివితేటలు కావాలనుకునేదాన్ని. ఎంత అమాయకురాలినో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం ఏడుపే వచ్చింది. తెలివితేటల సంగతి ఎవరూ పెద్దగా అడగరు. వీసా ఇచ్చేవాళ్ళు అడిగేదల్లా బ్యాంకులో డబ్బుందా అని. అదీ ఖర్చు పెట్టుకోవడానికి కాదు, చూపించడానికి. ఫీజు, ఏడాది తిండి, గది అద్దె, బస్సు చార్జీలు అన్నీ కలిపి ఎంతవుతుందో అంత మొత్తాన్ని నెల రోజుల పాటు ఖాతాలో కదలకుండా పడుకోబెట్టాలి. మధ్యలో ఒక్క రోజు తగ్గినా మళ్ళీ మొదటికొస్తుంది. ఏలూరులో మిషన్ స్కూలు హెడ్మాస్టరైన మా నాన్నగారి ఇంట్లో డబ్బు అంతసేపు ఒకచోట పడుకున్న పాపాన ఎప్పుడూ పోలేదు.

నేను జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, చేపల జబ్బుల మీద పై చదువు చదవాలని పట్టు పట్టాను. కొల్లేరు పక్కన పుట్టి, చేపల గురించి చదవడానికి స్కాట్లాండు దాకా వెళ్ళడమేమిటని మా అమ్మ సందేహం. "ఇక్కడి చేపలకు జబ్బులు రావేమిటే?" అంది. వస్తాయి గనకే వెళ్తానంటున్నానని చెప్పాను. సీటు వచ్చింది. సీటు వచ్చిన ఆదివారమే మా చర్చిలో అయ్యగారు (పాస్టరు గారిని మేమంతా అలాగే అంటాం) నా పేరు చెప్పి, "ఈ బిడ్డను సముద్రాలు దాటించు ప్రభువా" అని ప్రార్థన చేశారు. ఇక ఆ రోజు నుంచి నేను ఏలూరులో ఏ వీధిలో కనిపించినా "ఇంకా వెళ్ళలేదా అమ్మా?" అన్న పలకరింపు తప్ప మరో మాట వినలేదు. చర్చి స్త్రీల సమాజం వాళ్ళు నాకొక ఉన్ని స్వెట్టరు కూడా అల్లి ఇచ్చారు. మే నెలలో, మా ఊరి ఎండలో, అందరి ముందూ దాన్ని తొడుక్కుని చూపించాల్సి వచ్చింది. విదేశీ విద్యకు నేను చెమటోడ్చింది ఆ ఒక్కసారే.

మాకు దారి చూపించిన కన్సల్టెంటు గారి ఆఫీసు తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల మార్కెట్ పక్కన ఒక మేడ మీద ఉండేది. అంతకుముందు ఆయన చేపల మేత అమ్మేవారు. మేతలో కంటే మనుషుల్లో లాభం ఉందని గ్రహించి ఇటు తిరిగారు. ఆ కిటికీలోంచి వచ్చే ఘాటుకు కూర్చున్న వాళ్ళందరి కళ్ళల్లోనూ నీళ్ళు తిరుగుతూ ఉండేవి, అందుచేత ఆయన ఫీజు చెప్పినప్పుడు ఎవరు దేనికి ఏడుస్తున్నారో తెలిసేది కాదు. "మాస్టారూ, ముందు అమ్మాయిగారు అక్కడ నెలకు ఎంతలో బతుకుతారో ఒక అంచనా వేసుకోండి. తర్వాత డబ్బు సంగతి చూద్దామండీ" అన్నారాయన.

ఆ అంచనా మా భోజనాల బల్ల మీద వారం పాటు నడిచింది. నా బతుకు మీద అంతమంది అంత శ్రద్ధగా ఆలోచించడం అదే మొదలు, అదే ఆఖరు. గదికి అద్దె కాక, గది వెచ్చగా ఉండటానికి వేరే డబ్బు కట్టాలని చదివి వినిపిస్తే అమ్మ నమ్మలేదు. "వేడికి డబ్బులా? ఇక్కడ వద్దన్నా ఊరికే ఇస్తున్నాడు కదే దేవుడు" అంది. కూరగాయల ధరలు రూపాయల్లోకి మార్చి చెబితే, "ఒక్క వంకాయకా? అక్కడ వంకాయ తినకు" అని తీర్పు చెప్పింది. బియ్యం, పచ్చళ్ళు, కందిపొడి సూట్‌కేసులో పెడతానంది. తూచి చూస్తే, అన్నీ పెట్టాక నాకు ఒక జత బట్టలకు చోటు మిగిలింది, అది కూడా స్వెట్టరు వదిలేస్తేనే.

నాన్నగారు మాత్రం అంతా విని, నేను రాసుకున్న అంచనా తీసుకుని కళ్ళజోడు సర్దుకున్నారు. పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూశారు.

"అన్నీ ఉన్నాయమ్మా. మొదటిది లేదు."

"ఏమిటి నాన్నగారూ?"

"దశమ భాగం."

మా ఇంట్లో సంపాదనలో పదో వంతు దేవుడిది. బియ్యం కొనేముందు, పాలవాడికి ఇచ్చేముందు, అది తీసి పక్కన పెట్టాలి. "చదువుకునే పిల్లకు సంపాదన ఎక్కడిదండీ?" అని అమ్మ అడ్డు పడింది. "పార్ట్‌టైమ్ చేస్తుంది కదా" అన్నారు నాన్నగారు. నేను ఇంకా పాస్‌పోర్టు మొహం చూడలేదు, కానీ స్కాట్లాండులో ఏదో హోటల్లో నేను కడగబోయే గిన్నెల మీద కూడా పదో వంతు తీసేశారు. సరేనని పై వరసలో రాశాను. ఆయన తృప్తిగా తలాడించారు. అప్పుడే నాకు అర్థం కావలసింది.

ఇక చూపించాల్సిన డబ్బు. ఆ విషయంలో మాకున్న ఒకే ఒక్క దిక్కు చెరువుల మావయ్య. అమ్మకు తమ్ముడు, ఆకివీడు వైపు చెరువులు లీజుకు తీసుకుని చేపలు పెంచేవాడు. ఆయన ప్రపంచాన్ని చేపల్లోనే కొలిచేవాడు. మొత్తం విని కాసేపు కళ్ళు మూసుకుని, "అంటే రెండు లారీల బొచ్చె చేపలన్నమాట" అన్నాడు. నా భవిష్యత్తు రెండు లారీల్లో ఐసు కింద కనిపించింది.

కానీ మావయ్య మంచివాడు. "బావగారూ, వచ్చే నెల చెరువు పట్టుబడి ఉందండి. చేపలు అమ్మిన డబ్బు చేతికొచ్చాక, మళ్ళీ చెరువులో చేపపిల్ల వదిలేదాకా నెల పైచిలుకు ఖాళీగానే ఉంటుంది. ఆ నెలా మీ ఖాతాలో ఉంచుకోండి. తర్వాత మాత్రం నాకు కావాలండి, చెరువు ఖాళీగా ఉన్నా లీజు ఆగదు కదండీ" అన్నాడు. అంతకంటే ఏం కావాలి? పట్టుబడి బాగా వచ్చింది, డబ్బు నాన్నగారి జీతం ఖాతాలో పడింది. మా సొంత నిల్వంతా కన్సల్టెంటు గారి ఫీజు కిందా, రకరకాల స్టాంపుల కిందా అప్పటికే హరించుకుపోయింది గనక, ఖాతాలో ఉన్నది సరిగ్గా చూపించాల్సినంతే, ఒక కాఫీ ఖర్చు ఎక్కువ. కన్సల్టెంటు గారు ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పారు: "మాస్టారూ, ఈ నెలంతా ఆ ఖాతా వైపు చూడొద్దండీ. మీ డబ్బు మీరు కదపొద్దు."

ఆ నెల మా జీవితం వర్ణించడానికి భాష చాలదు. లక్షలు బ్యాంకులో ఉన్నాయి, ఇంట్లో చింతపండు లేదు. నాన్నగారిది ఎయిడెడ్ స్కూలు, అక్కడ జీతం ఒకటో తారీఖున వస్తే ఏదో పొరపాటు జరిగిందని లెక్క. ఆ నెల పొరపాటేమీ జరగలేదు, ఒకటో తారీఖున జీతం రాలేదు, తర్వాత వచ్చినదీ కదపకూడని ఆ ఖాతాలోనే పడింది. మావయ్య జాలిపడి చేపలు పంపించేవాడు. పులుసు, వేపుడు, ఇగురు, మళ్ళీ పులుసు. చివరికి చింతపండు లేక పులుసు కూడా ఆగిపోయింది. నాన్నగారు రిక్షా మానేసి బడికి నడిచి వెళ్ళేవారు. అమ్మ పాలవాడిని చూస్తే వంటింట్లోకి తప్పుకునేది. ఇంతమంది ఇన్ని కడుపులు మాడ్చుకుంటున్నారే, నేను పాసవ్వకపోతే ఏ మొహంతో తిరిగొస్తానని నేను లోలోపల చచ్చిపోతుండేదాన్ని. వెళ్ళకముందే తిరిగి రావడం గురించి దిగులుపడటం నా తత్వం.

నెల గడిచింది. బ్యాంకు నుంచి స్టేట్‌మెంటు తీసుకుని, నేనూ నాన్నగారూ పాసింజర్ ఎక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాం. కన్సల్టెంటు గారు వేలితో ఒక్కొక్క వరసే దిగుతూ వచ్చి ఒకచోట ఆగిపోయారు. ఉల్లిపాయల ఘాటు ఆ రోజు లేదు, అయినా ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

"మాస్టారూ, ఈ శనివారం ఏమైందండీ?"

నాన్నగారు వంగి చూశారు. "అదా? మర్నాడు మొదటి ఆదివారం కదండీ."

"అయితేనండీ?"

"దశమ భాగం తీశానండి. జీతం రాలేదని ప్రభువుకు బాకీ పెట్టడం ఏం బాగుంటుంది? ఎప్పుడూ పెట్టలేదు. తర్వాత నాలుగు రోజులకు జీతం పడిందిగా, సరిపోయింది."

"ఆ నాలుగు రోజులూ తగ్గిందండీ." ఆయన ఆ వరస మీద వేలు పెట్టి చూపించారు. "డబ్బు కదపొద్దని చెప్పాను కదండీ మాస్టారూ."

"మా డబ్బు కదపొద్దన్నారు" అన్నారు నాన్నగారు, ఎంతో మర్యాదగా. "అది మా డబ్బు కాదు కదండీ."

ఆ తేడా ఏ దేశపు ఎంబసీ కూడా ఒప్పుకోదు. కన్సల్టెంటు గారు స్టేట్‌మెంటు మడిచి మా చేతికిచ్చేశారు. మళ్ళీ మొదటి నుంచి నెల లెక్క పెట్టాలన్నారు. అక్కడ వంద రకాలుగా బతిమాలాం, మావయ్యకు ఫోన్ చేశాం. "అమ్మలూ, చేపపిల్ల దిగుతోందే ఎల్లుండి. మేతకి కూడా మాటిచ్చేశాను" అన్నాడు. ఆయన తప్పేముంది? అడిగినన్నాళ్ళూ ఉంచాడు.

తిరుగు రైల్లో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నాన్నగారు జామకాయలు కొని ఇస్తే ముట్టుకోలేదు. భీమడోలులో ద్వారకా తిరుమల నుంచి వచ్చే గుండు భక్తులు బిలబిలమంటూ ఎక్కారు. వాళ్ళ దేవుడు జుట్టుతో సరిపెట్టుకున్నాడని నాకు ఒళ్ళు మండిపోయింది. ఉండబట్టలేక అడిగేశాను, "దేవుడు ఒక్క వారం ఆగలేడా నాన్నగారూ?" అని. ఏలూరు దగ్గరపడుతుండగా, జామకాయల పొట్లం చేతుల్లో తిప్పుతూ, "ఆయన ఆగుతాడమ్మా. నాకే ఆగడం చేతకాలేదు" అన్నారు. ఆయన గొంతు అలా వినడం నాకు అదే మొదటిసారి. జామకాయ తీసుకున్నాను.

వచ్చే ఏడాది పట్టుబడికి చూద్దామన్నాడు మావయ్య. ఆ ఏడాది ఆయన చేపలకు మొప్పల జబ్బు వచ్చింది. (ఏ జబ్బు గురించి చదవడానికి నేను స్కాట్లాండు వెళ్ళాలనుకున్నానో, అదే.) చెరువు నిండా చచ్చిన చేపలు తెల్లగా తేలాయి. నేను గట్టు మీద నిలబడి ఆ జబ్బు పేరు శాస్త్రీయంగా చెప్పగలిగాను, మందు మాత్రం చెప్పలేకపోయాను. అంతే, నా విదేశీ చదువు అక్కడితో ముగిసింది. ఆకివీడులో చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగంలో చేరాను.

అసలు కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఆ స్టేట్‌మెంటు పట్టుకుని తాడేపల్లిగూడెం నుంచి తిరిగొచ్చిన మొదటి ఆదివారం చర్చికి వెళ్ళి, ఆడవాళ్ళ వైపు నా మామూలు చోట కూర్చుని, ఎవరి పలకరింపూ తగలకుండా తల పైకెత్తాను. పైన కొత్త ఫ్యాను. కరెంటు ఖర్చని ఇంకా వేయలేదు, నిశ్చలంగా ఉంది. మా వైపు చర్చిలో ఫ్యాను ఇచ్చిన వాళ్ళ పేరు రెక్కల మీద పెయింటుతో రాయించడం ఆచారం. నాన్నగారి ఆ నెల కానుకతో కమిటీ వాళ్ళు ముచ్చటపడి ఆ ఫ్యాను కొని, మా కొంప మునిగిన సంగతి తెలియక ముందే రాయించేశారు. ఒక రెక్క మీద 'సమర్పణ', రెండో రెక్క మీద 'హెడ్మాస్టరు గారు', మూడో రెక్క మీద 'కుమార్తె స్కాట్లాండు చదువు నిమిత్తం'. ఎర్ర రంగు, గుండ్రటి అక్షరాలు. ప్రసంగం అయ్యేదాకా నేను తల దించుకునే ఉన్నాను. దాన్ని అందరూ భక్తి అనుకున్నారు.

తర్వాతి ఆదివారం నేను వెళ్ళేసరికే ఫ్యాను తిరుగుతోంది. ఆ తర్వాతి వారం కూడా. తిరిగే రెక్కల మీద ఏ అక్షరమూ కనపడదు గనక నాకు ప్రాణం లేచి వచ్చేది, ఎవరు వేస్తున్నారని ఆలోచించలేదు. డిసెంబరు వచ్చింది. ఆడవాళ్ళంతా కొంగులు కప్పుకుని వణుకుతున్నా ఫ్యాను ఆగలేదు. అయ్యగారి భార్య విసుక్కుని, "ఈ చలిలో ఫ్యాను ఎవరండీ వేసింది?" అంది. మగవాళ్ళ వైపు నుంచి నాన్నగారు, చేతులు వెనక్కి కట్టుకుని, "గాలి ఆడాలి కదండీ" అన్నారు. ఇంట్లో గదిలోంచి గదిలోకి వెళ్ళేటప్పుడు లైటు ఆర్పే మనిషి. ఆ అక్షరాలు నాకు కనపడకుండా ఫ్యాను వేస్తున్నది ఎవరో నాకప్పుడు తెలిసింది. ఆ రోజు స్త్రీల సమాజం వారి స్వెట్టరు తొడుక్కుని వెళ్ళి ఉంటే ఎంత బాగుండేదో.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఆ ఎర్ర రంగు కొంచెం వెలిసింది, నాన్నగారు రిటైరయ్యారు, నా జుట్టులో తెల్లవెంట్రుకలు తొంగిచూస్తున్నాయి. మొన్నొక ఆదివారం ప్రసంగం మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా నెమ్మదించి, నా నెత్తి మీద 'స్కాట్లాండు చదువు నిమిత్తం' వచ్చి ఆగింది. మగవాళ్ళ వైపు చూస్తే నాన్నగారు నన్నే చూస్తున్నారు, ఏదో తప్పు పట్టుబడ్డ పిల్లాడిలా. పర్వాలేదన్నట్టు నవ్వాను. ఆయన వినలేదు. లేచి గోడ పట్టుకుని నెమ్మదిగా నడిచి వచ్చి, కరెంటు లేదన్న సంగతి మరిచిపోయి, ఆ స్విచ్చి గట్టిగా నొక్కి వెళ్ళి కూర్చున్నారు. కాసేపటికి కరెంటు వచ్చింది. చర్చిలో ఫ్యాన్లన్నీ తిరిగాయి, ఆయన ఆపేసిన ఆ ఒక్కటి తప్ప. ప్రసంగం అయ్యేదాకా నేను దాన్ని చదువుకుంటూ కూర్చున్నాను, ఈసారి తల ఎత్తుకుని.