పేపరక్క చెప్పిన వార్త

ఈ మాట ఏళ్ళుగా నాలోనే ఉండిపోయింది. మా ఆయనకి తెలియదు. మా అమ్మకి తెలియదు. కువైట్‌లో నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలికి రెండుసార్లు చెప్పబోయి, రెండుసార్లూ కూరగాయల ధరల్లోకి మాట మార్చేశాను. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెప్పగలనేమో అనిపిస్తోంది. నేను ఎవరినీ కొట్టలేదు, ఎవరి సొమ్మూ కాజేయలేదు. ఒక మనిషికి వార్త చదివి వినిపించాను. తప్పుగా వినిపించాను. తెలిసే తప్పుగా వినిపించాను.

మాది కోనసీమ. సాల్మియాలో సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉంటాం. నేను ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్ని, మా ఆయనది షిఫ్టుల ఉద్యోగం. పాప పుట్టాక సెలవులు అయిపోవచ్చాయి, చూసుకునే మనిషి లేదు. అత్తగారికి వీసా రాలేదు. మాకొచ్చే జీతాలకి సొంతంగా పనిమనిషి వీసా తీసే వీలూ లేదు. ఇలాంటప్పుడు ఇక్కడ చాలామంది ఏం చేస్తారో మేమూ అదే చేశాం. వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్ ఇంటి నుంచి బయటికి వచ్చేసి, ఇఖామా అనే నివాస కార్డు లేకుండా, ఇళ్ళల్లో గంటల లెక్కన పనిచేసుకునే ఆడవాళ్ళు ఉంటారు. వాళ్ళని ఖల్లివెల్లి అంటారు. వాళ్ళని పనిలో పెట్టుకోవడం నేరమని మాకు తెలుసు. మా బిల్డింగులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఆమె అసలు పేరు రాయను. ఓబులమ్మ అనుకోండి. రాయచోటి దగ్గర పల్లె. నాకంటే పదేళ్ళు పెద్దది, అయినా నన్నే అక్కా అని పిలిచేది. ఆమె మామా, అదే ఆ ఇంటి యజమానురాలు, తన ఇంటితోపాటు ఇద్దరు చెల్లెళ్ళ ఇళ్ళల్లో కూడా ఓబులమ్మ చేతనే చాకిరీ చేయించేదట. నడుం పడిపోయి ఒకరోజు ఓబులమ్మ చెత్త పారేయడానికని బయటికొచ్చి మళ్ళీ వెళ్ళలేదు. కఫీల్ పరారీ కేసు పెట్టాడు. అప్పట్నుంచి రిగ్గైలో ఒక గదిలో ఏడుగురు ఆడవాళ్ళతో ఉండేది. పొద్దున్నే బస్సులో మా ఇంటికొచ్చి, అబాయా తీసి వంటింటి తలుపు వెనక తగిలించి, పాప కోసం రెండు చేతులూ చాపేది. పాప నా చేతిలోంచి ఎగిరి దూకేది. నాకు కాస్త ఈర్ష్యగా ఉండేది, నిజం చెప్పాలంటే.

ఆమెకి చదువు రాదు. నేను డ్యూటీకి వెళ్ళేముందు పది నిమిషాలు టీ తాగేవాళ్ళం. అప్పుడు "పేపరు చదువక్కా" అనేది. పేపరంటే నా ఫోను. ఇక్కడి తెలుగు గ్రూపుల్లో వచ్చే వార్తలు, కొత్త రూల్సు, విమాన టికెట్లు, కడపలో వానలు, అన్నీ చదివేదాన్ని. ఆమె తన ఫోన్‌లో రికార్డు బటన్ నొక్కి నా నోటి దగ్గర పెట్టేది. ఆ వాయిస్ మెసేజులు రూంలో మిగతా ఆడవాళ్ళకి పంపేది. వాళ్ళలోనూ ఎవరికీ చదవడం రాదు. వాళ్ళు నాకు పేపరక్క అని పేరు పెట్టారట. ఆ సంగతి చెబుతూ ఆమె నవ్వితే నేనూ మురిసిపోయాను. ఏదో సేవ చేసేస్తున్నట్టు.

ఇంకొకటి కూడా చదివేదాన్ని. ఆమె భర్తకి కిడ్నీలు పాడయ్యాయి. ఊళ్ళో రక్తపరీక్ష రిపోర్టు ఫోటో తీసి పంపేవారు, ఆమె నాకు చూపించేది. అది నా పనే కదా. ఆ అంకెలు చూస్తే నాకు అర్థమయ్యేది, ఆయనకి ఎంతో కాలం లేదని. "కొంచెం పెరిగింది, పర్వాలేదు" అనేదాన్ని. ధైర్యం చెబుతున్నానని అనుకున్నాను. ఆ మాట వరకు నన్ను నేను క్షమించుకోగలను.

పాపకి ఎనిమిదో నెలలో ఇక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. నేను మళ్ళీ డ్యూటీలో చేరి మూడు నెలలు కూడా కాలేదు. ఆ పొద్దున ఓబులమ్మ టీ గ్లాసు ముట్టుకోలేదు. పాప ఆమె భుజం మీద నిద్రపోతోంది. ఒక చేత్తో పాపని పట్టుకుని, రెండో చేత్తో రికార్డు బటన్ నొక్కి తన ఫోను నా ముందు పెట్టింది.

"అక్కా, ఆమ్నెస్టీ ఇచ్చినారంట గదా. రూంలో అంతా అదే మాట. కాగితాల్లేనోళ్లు ఫైను కట్టకుండా ఇండ్లకు పోవచ్చంట, మళ్ల కొత్త వీసా తీసుకోని రావచ్చంట. నాట్లాంటోళ్లు పోవచ్చునా? ఏం రాసినారో కొంచెం సదువు."

నేను నా ఫోన్‌లో చూశాను. తెలుగులోనే ఉంది. అరటిపండు ఒలిచి పెట్టినట్టు రాశారు. పరారీ కేసు ఒక్కటే ఉన్నవాళ్ళు కూడా వెళ్ళొచ్చు. గడువు ఫలానా తేదీ వరకు.

"ఇచ్చారు గానీ ఓబులమ్మా, అది నీలాంటోళ్ళకి కాదు. నీ మీద పరారీ కేసుంది కదా. కేసున్నవాళ్ళు వెళ్తే వేలిముద్ర వెయ్యగానే లోపలేస్తారంట."

"అట్లనే రాసినారా?"

"అలాగే రాశారు."

పాప వీపు నిమురుతూ నిలబడింది.

"మా ఇంటాయన్ని ఒక్కసారి జూసుకోని వస్తే సాలనుకుంటి అక్కా. మొన్న ఫోన్లో జూస్తే మొగమంతా ఉబ్బిపోయుండాది."

"రిపోర్టులు నేను చూస్తున్నాగా. ఇప్పుడప్పుడే కంగారేం లేదు."

"సరేలే అక్కా. నువ్వు సెప్పబట్టి సరిపాయ. లేకుంటే ఊరికే పొయ్యి జైల్లో పడుందును."

అప్పుడు ఆమె రికార్డు ఆపింది. నా అబద్ధం రిగ్గైలోని ఆ గదికి అప్పుడే వెళ్ళిపోయింది.

ఎందుకు చేశాను? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. పాప కోసం అని చెప్పుకున్నాను కొన్నాళ్ళు. తల్లి పేగు అలాంటిదని. అది సగం నిజం కూడా కాదు, ఎందుకంటే వెతికితే వారంలో ఇంకొకరు దొరికేవారు, పాప నాలుగు రోజులు ఏడ్చి అలవాటు పడేది, నేను క్లినిక్‌లో మేనేజరు ముందు తల వంచుకుని ఇంకో పది రోజులు సెలవు అడగాల్సి వచ్చేది. అంతే. నా పది రోజుల ఇబ్బంది. దానికోసం ఒక ఆడమనిషికి భర్త ఆఖరిచూపు లేకుండా చేశాను.

అక్కడితో అయిపోలేదు. రెడ్డెమ్మ అని ఆ రూంలో ఒకామె ఉండేది. ఆమె మీదా పరారీ కేసే. నా మాట నమ్మలేదు. తెలిసినాయన్ని వెంటబెట్టుకుని వెళ్ళి కనుక్కుంది, వేలిముద్ర వేసింది, వారం తిరక్కుండా రాయచోటిలో దిగింది. అక్కడి నుంచి ఫోన్ చేసింది. మర్నాడు ఓబులమ్మ ఆ సంగతి మెల్లిగా, నన్ను తప్పు పడుతున్నట్టు ఉండకూడదని జాగ్రత్త పడుతూ చెప్పింది. అప్పటికి గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. తొమ్మిది రోజులు! నేను పొరపాటున చదివానని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె కోపగించుకునేది కూడా కాదు. "ఆమె కేసు వేరు, నీ కేసు వేరు" అన్నాను. ఆలోచించుకోలేదు కూడా, నోటికి అలా వచ్చేసింది. మొదటిసారి భయపడి చెప్పాను. రెండోసారి టీ వడపోస్తూ చెప్పాను.

గడువు ముగిసిన నెలన్నరకి ఆమె భర్త పోయాడు.

ఊళ్ళో ఎవరో వీడియో కాల్ పెట్టారు. మా వంటింట్లో పోపుల డబ్బాకి ఫోను ఆనించి ఆమె కింద కూర్చుంది. అక్కడ ఎండ మరీ ఎక్కువగా ఉంది, మనిషి ముఖం సరిగ్గా కనబడలేదు, పూలదండలు కనబడుతున్నాయి, డప్పుల చప్పుడు వస్తోంది. ఓబులమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది, పక్క ఫ్లాటు వాళ్ళకి వినబడితే నాకు ఇబ్బందని. పాప పాక్కుంటూ వెళ్ళి ఆమె ఒళ్ళో కూర్చుంది. కాల్ అయిపోయాక ఆమె చేతి గాజులు పగలగొట్టుకోలేదు. ఒక్కొక్కటే మెల్లిగా తీసి నా చేతిలో పెట్టింది.

"ముక్కలు పడితే పాపకు గుచ్చుకుంటాయి. యాడన్నా పెట్టక్కా."

ఎరుపు మట్టిగాజులు, ఎనిమిది. ఇంకా మా వంటింటి పై అరలో ఉన్నాయి. ఆ తర్వాత ముఖం కడుక్కుని వచ్చి ఆమె అన్న మాట కూడా మీకు చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు. "నీ మాట ఇనకుండా పొయ్యింటే ఇప్పుడు జైల్లో ఉందును గదక్కా. ఈ మాత్రం గూడా జూసుకుందును కాదు" అంది. నా చేతులు పట్టుకుని అంది. నేను చేతులు వెనక్కి లాక్కోలేదు.

కొన్ని నెలలకి కొత్త చట్టం వచ్చింది. కాగితాల్లేని వాళ్ళకే కాదు, వాళ్ళకి పని ఇచ్చేవాళ్ళకి కూడా శిక్షలు పెంచారు. గ్రూపులన్నీ వేడెక్కిపోయాయి. ఒక శుక్రవారం తెలుగువాళ్ళం ఒక హాలులో కలుసుకున్నాం. బిర్యానీ తిన్నాక చర్చ పెట్టారు. పనిలో పెట్టుకున్నవాళ్ళని కూడా శిక్షించడం న్యాయమా అని. ఒక ఇంజనీరు లేచి, పని ఇచ్చేవాళ్ళు లేకపోతే పారిపోయేవాళ్ళూ ఉండరన్నాడు. ఒకావిడ లేచి, మరి మా పిల్లల్ని మీరొచ్చి చూస్తారా అంది. అందరూ నవ్వారు. అప్పుడు నేను లేచాను.

నేను ఎంత బాగా మాట్లాడానో! కొరడా ముందు కఫీళ్ళ మీద పడాలన్నాను. భర్త అంత్యక్రియలు ఫోన్‌లో చూసుకున్న ఒక తల్లి కథ చెప్పాను. పేరు చెప్పలేదు. "ఆ పిచ్చితల్లికి క్షమాభిక్ష గురించి సరిగ్గా చెప్పిన నాథుడే లేడు. చదువుకున్న మనం ఏం చేస్తున్నాం?" అని అడిగాను. నా గొంతు వణికింది. అందరూ అది కరుణ అనుకున్నారు. చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన శాలువా కప్పారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి నన్ను కౌగిలించుకుంది. ఆ కౌగిలిలో నిలబడి నేనేం ఆలోచించానో తెలుసా? ఓబులమ్మ మా ఇంట్లో దొరికితే మా ఇఖామాలు పోతాయని.

మర్నాడు పొద్దున్న ఆమెతో కొన్నాళ్ళు రావద్దన్నాను. చెకింగులు ఎక్కువయ్యాయి, నీ మంచికే అన్నాను. ఆమె ఎదురు చెప్పలేదు. తలుపు వెనక నుంచి అబాయా తీసుకుని, పాపకి ముద్దు పెట్టి వెళ్ళిపోయింది. వెళ్ళాలనుకున్నప్పుడు ఆపాను. ఉండాలనుకున్నప్పుడు పంపేశాను.

నెల తిరక్కుండా రిగ్గైలో బస్టాపు దగ్గర దొరికింది. పనికోసం ఇళ్ళు వెతుక్కుంటూ తిరుగుతోందట. కొన్నాళ్ళు లోపల ఉంచి ఇండియా పంపేశారు. వేలిముద్రలు తీసుకున్నారు, ఇక ఈ దేశం రావడానికి లేదు. క్షమాభిక్షలో వెళ్ళుంటే వచ్చేది. చెప్పానుగా, ఫోన్‌లో తెలుగులోనే రాసి ఉంది.

ఇప్పుడు టమాటా తోటల్లో కూలికి వెళ్తోంది. పండగలకి వాయిస్ మెసేజు పంపుతుంది. "పేపరక్కా, బాగుండావా? పాప బడికి పోతాండాదా? నన్ను మరిసిపోయిందా?" పాప మరిచిపోయింది. నేను పాప చేత రెండు ముక్కలు చెప్పించి పంపిస్తాను. నా గొంతు పంపించను.

పోయిన వారం ఒకసారి రికార్డు బటన్ నొక్కాను. "ఓబులమ్మా" అన్నాను. తర్వాత ఫ్యాను చప్పుడు మాత్రం రికార్డయింది. చెరిపేశాను. ఆమె నన్ను తిడుతుందని భయం కాదు. తిట్టదేమోనని, పోనీలే అక్కా అంటుందేమోనని భయం. అది విని నేను బతకగలనా? లేక హాయిగా బతికేస్తానా? రెండో దానికే ఎక్కువ భయపడుతున్నాను.

అందుకని ఇలా రాస్తున్నాను. రాయడంలో కూడా నా తెలివి మీరు గమనించే ఉంటారు. ఆమెకి చదవడం రాదు. అందువల్లే నేను అబద్ధం చెప్పగలిగాను, అందువల్లే ఈ నిజమూ రాయగలుగుతున్నాను. ఇది ఆమె దాకా వెళ్ళాలంటే మళ్ళీ ఎవరో ఒక అక్క ఆమెకి చదివి వినిపించాలి. ఆ అక్క నాలాంటిది కాకూడదని కోరుకోనా? కోరుకోలేకపోతున్నాను, అదీ చెప్పేస్తున్నాను.

ఇవాళ మా ఆయన పాపని బీచికి తీసుకెళ్ళారు. ఇంట్లో ఎవరూ లేరు. ఈ కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఆ రోజు నిలబడిన చోటే, పొయ్యి పక్కన నిలబడ్డాను. తలుపు వెనక ఆమె అబాయా తగిలించే మేకు అలాగే ఉంది. అప్పుడు చదవాల్సిన వార్త ఇప్పుడు పైకి చదివాను.

"ఓబులమ్మా, నువ్వు వెళ్ళొచ్చు. పరారీ కేసు ఉన్నా వెళ్ళొచ్చు. ఇంకా టైముంది."