సుల్తాన్ బీ చెంపలో మచ్చ

మెట్‌పల్లిలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు పన్ను నొప్పి వస్తే మందు కోసం బజారుకు పోవలసిన పని లేదు. మందు ఒళ్లో పెట్టుకున్న చాటలోనే ఉంటుంది. చిటికెడు తంబాకు చెంపలో దోపుకుంటే చాలు, నొప్పి మొద్దుబారుతుంది, ఆకలి చస్తుంది, చేతులు ఆగకుండా నడుస్తాయి. సుల్తాన్ బీ పెళ్లయిన కొత్తలో అలాగే మొదలుపెట్టింది.

కొన్నేళ్లకు ఆ చోట తెల్లమచ్చ తేలింది. కారం తగిలితే భగ్గుమనేది. మంటకు మందేమిటి? మళ్లీ తంబాకే! ముల్లును ముల్లుతోనే తీయాలన్న మాటను ఈ మహాతల్లి అక్షరాలా పాటించింది. మచ్చ కాస్తా పుండైంది. పళ్ల డాక్టర్ చూసి, ముక్క తీసి పరీక్షకు పంపుదామన్నాడు.

"కత్తి పడితె ఒళ్లంత పాకుతదట" అని ఆమె లేచి వచ్చేసింది. ఆ మాట ఎవరు చెప్పారంటే, అందరూ చెప్పారు. వాడలో డాక్టర్ కానివాళ్లెవరు?

ఇక అక్కడి నుంచి ఇరుక్కుపోయింది. నోరు బిగుసుకుపోయి ముద్ద పట్టక గంజితో కాలం గడిపింది. చెబితే కత్తి, చెప్పకపోతే మంట. దవడ కింద గడ్డ లేచాక ఓఢ్నీ మెడకు చుట్టుకుని ఇంట్లో ఓ గోడ వారన కూర్చునేది. చాలా భయమేసేది. భయమేసినప్పుడల్లా ఇంకో చిటికెడు తంబాకు దోపుకునేది.

ఒకరోజు అత్త తల దువ్వుతుంటే కోడలు ముబీనా చేయి ఆ గడ్డకు తగిలింది. "అమ్మీ, కొడితె కొట్టు గని, నేనైతె తీస్కపోత" అని ఏడుస్తూనే కరీంనగర్ బస్సెక్కించింది. బస్సులో సుల్తాన్ బీ గుండె రాయి చేసుకుంది. చెంప పోతే పోనీ, ప్రాణం నిలిస్తే చాలు. కోయించుకుంటానంది.

అక్కడి పెద్దాసుపత్రిలో ముక్క తీశారు, స్కానింగులు చేశారు. అన్నీ వచ్చాక డాక్టర్ వనజ అత్తాకోడళ్లను కూర్చోబెట్టింది.

"చెంపలోపలి పొరల కంటికి కానరాని కణాలుంటయమ్మా. కట్టల బీడీల లెక్క ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్న కాడనే ఉంటయి. తంబాకుతోని చెడినా మొదట్ల గట్లనే ఉంటయి. గప్పుడు మచ్చను కోసేస్తె అయిపోతది. ముదిరినంక పట్టు వదులుతయి. రూపు మారి, పొడుగ్గ సాగి, సందులకెంచి జారిపోయి నెత్తుట్ల కలుస్తయి. యాడనో ఆగి, మళ్ల పాత రూపుకొచ్చి అక్కడ ఇల్లు కట్టుకుంటయి. మీకు మెడల కట్టినయి, ఊపిరితిత్తులల్ల కూడ కట్టినయి."

"మొన్న ముక్క తీసినందుకేనా?" అంది సుల్తాన్ బీ.

"కాదమ్మా. కత్తి పడకముందే పాకినయి."

"అయితె కొయ్యుండ్రి మేడం. మొత్తం కొయ్యుండ్రి. గీసారి నేను ఉరికిపోను."

"ఇప్పుడు కోసి లాభం లేదు. మందులిస్తం. నొప్పి తగ్గిస్తం."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కత్తికి జడిసి పారిపోయిన మనిషి, ఆ కత్తినే బతిమాలింది. వనజ తల అడ్డంగా ఊపింది. డాక్టర్ చెప్పిన మాటల్లో ఒకటి మాత్రం సుల్తాన్ బీ మనసులో ముల్లులా దిగబడింది. మొదట్లో కోసేస్తే అయిపోతుందట.

ఆమె ముబీనా వైపు తిరిగింది. ఈ పిల్ల కాపురానికి వచ్చిన కొత్తలో పన్ను నొప్పని ఏడిస్తే, తన వేళ్లతోనే దాని చెంపలో తంబాకు దోపింది. పిల్ల ఇప్పటికీ మానలేదు.

"నోరు తెర్వు."

"నాకేం లేదు అమ్మీ."

"తెర్వమంటున్న!"

ముబీనా భయంభయంగా తెరిచింది. వనజ టార్చి వేసి చూసింది. ఎడమ చెంపలో గోరంత తెల్లమచ్చ.

ముబీనా కుర్చీ వెనక్కి నెట్టి లేవబోయింది. సుల్తాన్ బీ ఆమె రెక్క పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టింది.

"గీమెది కొయ్యుండ్రి మేడం. గిప్పుడే. నేను పట్టుకుంట."