సరుకు దించని లారీ

ఆ రోజుల్లో నాకు ప్రతి దాని మీదా ఒక అభిప్రాయం ఉండేది. బీఎడ్ పూర్తయి, డీఎస్సీ ఎప్పుడు పడుతుందో తెలియక, ఇరవై నాలుగేళ్ల వయసులో ఖాళీగా ఉన్న మనిషికి అభిప్రాయాలు తప్ప ఇంకేం ఉంటాయి? అలాంటి నన్ను మా బావ (అక్క భర్త) మరిపెడ నుంచి మానుకోటకు పిలిపించి తన వీడియో గేముల దుకాణంలో కూర్చోబెట్టాడు. మానుకోట అంటే మహబూబాబాదే. ఆ పొడుగు పేరు రైలు టికెట్ల మీద తప్ప మేమెవరం వాడేవాళ్లం కాదు. దుకాణంలో నాలుగు కంప్యూటర్లు, టీవీకి తగిలించే ఆట పెట్టెలు రెండు, ఒక మీట ఊడిపోయిన చేతి ఆట ఒకటి ఉండేవి. జనగామలో ఎవరో గేముల దుకాణం ఎత్తేస్తుంటే బావ డిస్కులతో సహా అన్నీ ఒకేసారి తెచ్చుకున్నాడు. గొప్ప ఆటలు కొనే స్తోమత ఆ జనగామ ఆయనకు లేదు, మరీ చెత్తవి కొనేంత అమాయకుడూ కాదు. కాబట్టి మాకు దక్కినవన్నీ నడిమి రకం ఆటలే.

నేను వచ్చిన వారంలోనే ప్రతి డిస్కు పెట్టె మీదా ఒక అట్టముక్క అంటించి నా విమర్శ రాయడం మొదలుపెట్టాను. బీఎడ్‌లో పేపర్లు దిద్దడం నేర్పారు గనుక ఎర్ర పెన్నుతో నూటికి మార్కులు కూడా వేశాను. క్రికెట్ ఆటకు నలభై ఒకటి ('బంతి బ్యాటుకు తగలకముందే జనం చప్పట్లు కొడతారు, అంపైరును కంటి దవాఖానకు పంపాలి'). యుద్ధం ఆటకు నలభై నాలుగు ('ఎడారి, దాని తర్వాత ఇంకో ఎడారి; శత్రువు గోడ వెనక తల ఒక్కటే దాచుకుంటాడు'). టీవీ పెట్టెలో కుస్తీ ఆటకు ముప్పై తొమ్మిది ('ఇద్దరిదీ ఒకటే మొహం, ఎవరు గెలిచారో లాగు రంగును బట్టి చెప్పాలి'). చేతి ఆటలో వ్యవసాయం ఒకటి ఉండేది, దానికి ముప్పై ఏడు ('మిర్చి నాటిన మూడో నిమిషానికి కాత, మా మరిపెడలో ఎవరూ నమ్మరు'). అన్నిటికన్నా అడుగున లారీ ఆట. దాని గురించి ఇలా రాశాను: 'సరుకు ఎక్కించుకోవాలి, పోవాలి, దించాలి. మధ్యలో ఏమీ జరగదు. పాసు మార్కులు ముప్పై అయిదు, వాన బాగా కురిసినందుకు ఒకటి, మొత్తం ముప్పై ఆరు.' ఆ ఆటను నేను పదకొండు నిమిషాలు ఆడాను. విమర్శకుడికి అది చాలనుకున్నాను.

ఆడడానికి వచ్చిన పిల్లలు అట్టలు చదివి, మార్కులు చూసి, వెనక్కి తిరిగి పోసాగారు. బావ మూడు రోజులు ఓపిక పట్టి నాలుగో రోజు అడిగాడు. "బామ్మర్దీ, నువ్వు దుకాణం నడిపెతందుకు వచ్చినవా, మూసెతందుకు వచ్చినవా?"

"విమర్శల నిజాయితీ ఉండాలె గద బావ," అన్నాను.

"నిజాయితీ తీస్కపోయి నీ డీఎస్సీల రాయి. ఈడ ఆటలు మంచిగున్నయని రాయి."

నేను రాయలేదు. అక్క పోరు పడలేక కొన్నిటికి రెండేసి మార్కులు కలిపాను, అంతే.

ఇంతలో రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూతపడ్డాయి, సర్కారు ఆఫీసులు మూతపడ్డాయి, భూపాలపల్లి వైపు బొగ్గు గనులు ఆగిపోయాయి. అక్కకు కొత్తగా పుట్టిన బిడ్డను చూడ్డానికి మా మేనమామ సరిగ్గా అప్పుడే వచ్చాడు. ఆయన భూపాలపల్లి ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మోసే డంపర్ నడిపేవాడు. ఇల్లంత ఉండే ఆ బండి చక్రం పక్కన ఆయన నిలబడి దిగిన ఫోటో మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. రెండు రోజులుండి పోదామని వచ్చాడు. మూడో రోజు బస్సులు కూడా సమ్మెలోకి దిగాయి. మామ మా దగ్గరే చిక్కుకుపోయాడు.

మా దుకాణానికి ఎదురుగానే సమ్మె టెంటు. దాన్ని నడిపే రిటైర్డు హెడ్మాస్టరును అందరూ తీర్మానం సారు అనేవాళ్లు (ఎండ అటు తిరిగిందని కుర్చీలు ఇటు జరపాలన్నా ఆయన తీర్మానం పెట్టి చేతులెత్తించేవాడు). బొగ్గు గని కార్మికుడు ఊళ్లో ఉన్నాడని తెలిసి ఆ సారు మామను టెంటుకు పిలిపించి, బంతిపూల దండ వేసి, ముందు వరసలో కూర్చోబెట్టాడు. సమ్మెకు వెన్నెముక గనులోళ్లేనని మైకులో చెప్పాడు. మామ సిగ్గుపడి దండ తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. బొగ్గు తవ్వేవాళ్లు ఆగిపోయాక కరెంటు కోతలు ఎట్లాగూ మొదలయ్యాయి. కంప్యూటర్లు టప్పున ఆరిపోయినప్పుడల్లా బావ నెత్తి పట్టుకునేవాడు. మామ మాత్రం తృప్తిగా తలూపేవాడు. "సూసినవా అల్లుడా, మనోళ్ల సమ్మె గట్టిగ నడుస్తున్నది."

టెంటులో సభ సాయంత్రం నాలుగు తర్వాతే. అప్పటిదాకా మామకు ఏం చేయాలో తోచేది కాదు. బిడ్డను ఎత్తుకునేవాడు, దించేవాడు, వాకిట్లోకి పోయేవాడు, వచ్చేవాడు. ఒక పొద్దున దుకాణానికి వచ్చి లారీ బొమ్మ ఉన్న పెట్టె పట్టుకుని నిలబడ్డాడు.

"అది బాగుండది మామ. అండ్ల ఏం జరగది," అన్నాను.

"ఏం జరగకుంటనే మంచిది. డంపర్ల ఏమన్న జరిగిందంటె మనిషి పోయినట్టే," అని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

ఆ తర్వాత నేను చూసింది ఆట కాదు. మామ ముందు లారీ చుట్టూ చూపు తిప్పి టైర్లన్నీ చూసుకున్నాడు. కదిలించే ముందు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఖాళీ రోడ్డు మీద ముప్పై దాటకుండా పోయాడు. రైలు గేటు దగ్గర ఆగి, రైలు పోయాక కూడా రెండో వైపు చూసి కదిలాడు. పక్క కంప్యూటర్లో కార్ల రేసు ఆడుతున్న పిల్లలు తమ ఆట ఆపి ఆయన్ని చూడసాగారు. మర్నాడు ఎనిమిదింటికల్లా స్నానం చేసి, అక్కతో టిఫిన్ డబ్బా కట్టించుకుని వచ్చాడు. పన్నెండున్నరకు లారీని రోడ్డు పక్కన ఆపి, ఇంజను బంద్ చేసి, అన్నం తిన్నాడు. నాలుగింటికి దిగి టెంటుకు పోయాడు. అలా రోజూ. కరెంటు పోతే బావ ఆ ఒక్క కంప్యూటర్‌కు ఇన్వర్టర్ పెట్టేవాడు, ఎందుకంటే ఆ రోజుల్లో దుకాణంలో ఖాయంగా కూర్చునే మనిషి ఆయనొక్కడే.

"గీ ఆట జేసినోడు ఎన్నడో లారీ ఎక్కినోడే అల్లుడా," అన్నాడు మామ ఒకరోజు. "లోడు మీదున్నప్పుడు దిగుడుల బ్రేకు ఎంత ఆలిశంగ పడుతున్నదో సూడు. ఖాళీ బండైతె తెర మీద బొమ్మంత వణుకుతది. గది ఊకె కూసున్నోనికి తెల్వది." ఆయన పక్కన కుర్చీ వేసుకుని ఒక పూటంతా చూశాను. అన్నీ నిజమే. నేనేసిన ముప్పై ఆరు మార్కులు తలుచుకుని సిగ్గేసింది. సిగ్గుపడ్డ విమర్శకుడు ఊరికే ఉండడు కదా. బయట ఉన్న నల్లబోర్డు తుడిచి, సుద్దముక్కతో నా జీవితంలో మొట్టమొదటి మెచ్చుకోలు రాశాను: 'లారీ ఆట. అనుభవం గల భూపాలపల్లి డంపర్ ఆపరేటరు సమ్మె కాలంలో కూడా ఒక్కరోజు మానకుండా, ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఇక్కడ సరుకు చేరవేస్తున్నారు. ఎనభై ఒక్క మార్కులు. తప్పక ఆడండి.' రాసి, రెండడుగులు వెనక్కి నడిచి, నా చేతిరాతకు నేనే మురిసిపోయాను.

గంట గడవకముందే టెంటులో గొడవ మొదలైంది. సమ్మెలో ఉన్న బస్సు డ్రైవరన్న ఒకాయన (చిన్న విషయానికైనా గొంతు పెద్దది చేసే మనిషి) బోర్డు మీద 'ఆట' అన్న మాట వదిలేసి మిగతాది పైకి చదివి వినిపించాడు. "సమ్మె కాలంల ఒక్కదినం మానకుంట సరుకు మోస్తున్నడట. దండేసింది గీయనకేనా?" వెనక ఎవరో ద్రోహి అన్నారు. ఆ రోజుల్లో ఆ మాట ఒక మనిషికి అంటుకుంటే ఎంత కడిగినా పోయేది కాదు. ఎవరో ఒకరు భూపాలపల్లికి ఫోన్ కొట్టడం ఖాయం. ఇరవై రెండేళ్లు పనిచేసిన చోట, యూనియన్ జెండా మోసిన మనిషితో రేపు క్వార్టర్ల పక్కింటివాళ్లు కూడా మాట్లాడరు. అదంతా నా సుద్దముక్క వల్ల.

మామను పిలిపించారు. ఆయన లారీని పక్కకు ఆపి (అప్పుడు కూడా) మెల్లగా వచ్చాడు. నేను వెంటపడి ముందుగా సారు దగ్గరికి పోయాను.

"సారూ, గది ఉత్త ఆట. లారీ లేదు, సరుకు లేదు. అసలు మంచి ఆట కూడ కాదు. పాత అట్ట మీద ముప్పై ఆరు మార్కులే ఉన్నయ్, కావాలంటె తెచ్చి సూపిస్త. పొద్దుపోక కూసున్నడు, అంతే."

సారు తేలికపడ్డాడు. "ఉత్త ఆటనేనా?" అని మామను అడిగాడు. అవునంటే అక్కడితో అయిపోయేది.

మామ నా వైపు చూశాడు. "గట్లనకు అల్లుడా, మంచి ఆట." తర్వాత సారు వైపు తిరిగాడు. "అబద్ధమెందుకు సారు, నేను ఆడుతలేను. నడుపుతున్న. ఇరవై రెండేండ్ల సంది షిఫ్టు టైముకు సీట్ల కూసున్న మనిషిని. సమ్మె నేను వద్దంటలేను, ఎన్ని దినాలైన చేస్త. కని పొద్దుగాల ఎనిమిదైతె నా చేతులు నా మాట ఇంటలెవ్వు. ఇంట్ల కూసుంటె ఎవలియో చేతులు తెచ్చి పెట్టుకున్నట్టున్నది. గది తప్పైతె తప్పే. మీరేమంటె గది."

డ్రైవరన్న తన అరచేతులు చూసుకుంటూ నిలబడ్డాడు. ఈసారి ఆయన గొంతు చిన్నగానే వచ్చింది. "నాకు సుత గట్లనే ఉన్నది సారు. మొన్న ఇంట్ల పీట మీద కూసొని ఉత్తగనె గేరేసిన."

తీర్మానం సారు కళ్లజోడు తుడుచుకున్నాడు. ఒక కాగితం తీసుకుని చాలాసేపు రాసి, లేచి చదివాడు. సమ్మెలో ఉన్న కార్మికులు కంప్యూటరులో వాహనం నడుపుకోవచ్చు. సరుకు ఎక్కించుకోవచ్చు, దారెంట పోవచ్చు. కానీ సమ్మె ముగిసేదాకా ఎక్కడా సరుకు దించరాదు. అందరూ చేతులెత్తారు. మామ కూడా ఎత్తాడు. సారు నన్ను కూడా ఎత్తమన్నాడు. బోర్డు తుడిచి రమ్మని మరో తీర్మానం పెట్టాడు, దానికీ చేతులెత్తారు.

మర్నాడు ఎనిమిదింటికి మామ కంటే ముందే డ్రైవరన్న మా దుకాణం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాత డిపో నుంచి ఇంకో ఇద్దరు. నాలుగు కంప్యూటర్లలోనూ లారీ ఆటే పెట్టాల్సి వచ్చింది. వాళ్లు దూరాలు దాటి, వానలో, ఘాట్ రోడ్లలో లోడు మోసుకుపోయి, గోదాము గేటు ముందు వరసగా ఆపి చేతులు కట్టుకుని కూర్చునేవారు. గడువు దాటగానే కంప్యూటర్ ఎర్ర అక్షరాల్లో పని విఫలమైందని చూపేది. అది చూసి అందరూ చప్పట్లు కొట్టేవారు. ఓడిపోతే ఇంత సంబరపడే ఆటగాళ్లను నేను మళ్లీ చూడలేదు. బావ కూడా నన్ను అట్టముక్కల గురించి అడగడం మానేశాడు.

నెల దాటాక బస్సులవాళ్లు, ఆ వెంటనే గనులవాళ్లు సమ్మె ఆపారు. రాష్ట్రం మాత్రం రాలేదు. భూపాలపల్లికి మొదటి బస్సు ఉందని తెలిసి మామ సంచి సర్దుకుని, పోయే ముందు దుకాణానికి వచ్చాడు. నేను లారీ ఆట తెరిచి పెట్టాను. ముందు రోజు ఆపిన బండి లోడుతో సహా గేటు ముందే ఉంది.

"ఇగ దించొచ్చు గద మామ," అన్నాను. "సమ్మె అయిపోయింది."

"ఆపిండ్రు," అన్నాడు మామ. "అయిపోయిందని ఎవలన్నరు?" కుర్చీలో కూర్చోలేదు. తెర మీది లారీని కాసేపు చూసి, నా భుజం తట్టి, బస్టాండు వైపు నడిచాడు.

ఆయన పోయాక ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. కొత్త అట్టముక్క కత్తిరించి, ఎర్ర పెన్ను మూత తీశాను. ఎంతసేపు చూసినా ఒక్క మాట రాయలేకపోయాను, అంకె కూడా తోచలేదు. సరుకు దించడానికి ఒక మీట నొక్కితే చాలు. వేలు దాని మీదికి పోయింది, వెనక్కి తీసుకున్నాను. ప్రపంచంలో ప్రతి దాని మీదా అభిప్రాయం ఉన్న ఆ కుర్రాడు, ముప్పై ఆరు మార్కుల ఆట ముందు నోరు మూసుకుని, ఎవరూ చూడట్లేదు కదా అని అటూ ఇటూ చూసి, రెండుసార్లు హారన్ కొట్టాడు. వాణ్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ ఒక్క పూట మాత్రం వాడంటే నాకు ఇష్టమే.