అత్తగారి రిపోర్టు

పెద్ద డాక్టరమ్మ నోట "అయిపోయింది" అన్న మాట ఎవరూ వినలేదు. కోతుల ప్రయోగశాలలో ఇరవై ఏళ్లుగా ఆవిడది ఒకటే పాట: "ఇంకో నెల చూద్దాం." కుర్చీ కాలు విరిగినప్పుడూ అదే అంది. ఆ మూడు కాళ్ల కుర్చీ మీదే నాలుగేళ్లు లాక్కొచ్చింది.

కొత్తగా చేరిన ల్యాబ్ టెక్నీషియన్‌కు ఈ నాన్చుడు చూస్తే ఒళ్లు మండేది. రక్తం తీసి హార్మోన్లు కొలవడం ఆమె పని. తేల్చాల్సింది మాత్రం డాక్టరమ్మ.

"అత్తగారి రిపోర్టు వచ్చిందండీ," అందొకరోజు. అత్తగారంటే పాతికేళ్ల ఆడకోతి. గుంపు మీద పెత్తనం చేస్తుందని ఆ పేరు. "ఈస్ట్రోజెన్ అడుగంటింది. అండాశయాన్ని తట్టిలేపే హార్మోనేమో ఆకాశాన్నంటింది. నెలసరి ఆగి ఆరు నెలలు. ఇక పిల్లలు పుట్టరు. ఇంకేం చూస్తారు?"

"ఈ వయసులో హార్మోన్లు ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండవమ్మా. ఇంకో నెల చూద్దాం."

"పోయిన నెలా ఇదే అన్నారు!"

"చూశావా, మాట మీద నిలబడే మనిషిని."

మర్నాడు డాక్టరమ్మ సెలవు. టెక్నీషియన్ ఇక ఆగలేకపోయింది. అత్తగారి ఫారంలో ఖాళీగా ఉన్న గడిలో "సంతానశక్తి ముగిసింది" అని రాసి, పైకి పంపేసింది. పీడ విరగడైందనుకుంది.

ఆ మర్నాడు పొద్దున్నే ఇద్దరు మనుషులు ఫారం పట్టుకుని, చిన్న బోనుతో వచ్చారు. కాన్పులుడిగిన కోతిని గుంపులోంచి తీసి వెనకగదిలో ఒంటరిగా పెట్టాలట. ఆ రూలు సంగతి టెక్నీషియన్‌కు ఎవరూ చెప్పలేదు. లోపల అత్తగారు తల్లిలేని పిల్లకోతికి పేలు చూస్తోంది. బోను చప్పుడుకి పిల్ల దాని పొట్టను కరుచుకుంది.

డాక్టరమ్మ రొప్పుతూ వచ్చి, కుర్చీ లాక్కుని తలుపుకడ్డంగా కూర్చుంది.

"నేనేనండీ రాసింది," అంది టెక్నీషియన్.

డాక్టరమ్మ తిట్టలేదు. పక్కనున్న బల్ల సొరుగులోంచి ఒక కాగితాల కట్ట తీసి ఆమె చేతిలో పెట్టింది. ముసలి కోతులను తమవాళ్ల మధ్యే ఉండనివ్వమని నెలనెలా పైవాళ్లకు పెట్టుకున్న అర్జీల నకళ్లు.

"నేను చూస్తున్నది దాని నెలసరి కోసం కాదే పిచ్చిదానా. వీటి జవాబు కోసం."

టెక్నీషియన్ కళ్లు తుడుచుకుంది. బోనుతో వచ్చినవాళ్ల చేతిలోని ఫారం లాక్కుని, తన రాత కొట్టేసి, "మళ్లీ పరీక్షించాలి" అని రాసి సంతకం పెట్టింది.

"మరి మమ్మల్ని ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడు బోను ఎత్తుకుంటూ ఒకాయన.

డాక్టరమ్మ నోరు తెరిచేలోపే టెక్నీషియన్ అందుకుంది: "ఇంకో నెల చూద్దామండీ!"

డాక్టరమ్మ వెనక్కి వాలి నవ్వబోయి, కుర్చీ సంగతి గుర్తొచ్చి గోడ పట్టుకుంది.